తండ్రి కనబడుటలేదు పథకం

ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే మా కళాశాలలో ఆరువందల ముప్పైతొమ్మిది మంది తండ్రులు కనబడకుండా పోయేవారు కాదు. నోరు తెరవడానికి పెద్ద కారణం కూడా ఏమీ లేదు. ఎవరో ఒకరు జవాబు చెబితేగానీ భోజనాలకు లేవనివ్వనని సమావేశంలో మా విద్యాశాఖ సంచాలకులవారు అన్నారు. అప్పటికి రెండున్నర అయింది.

నా పేరు చౌడప్ప. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ సమావేశం కడపలో జరిగింది. మా ప్రిన్సిపాల్ గోవర్ధనగిరి గారు తోడు కోసం నన్ను తీసుకువెళ్ళారు. సంచాలకులవారు అంతకు ముందు వారమే ఏదో చల్లని కొండ ప్రాంతంలో మూడు రోజుల నాయకత్వ శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడ ఎవరో ఆయనకు ఒక ప్రాచీన గ్రీకు కావ్యం గురించి చెప్పారు. కావ్యం ఆయన చదవలేదు గానీ దాని గురించిన పద్దెనిమిది స్లయిడ్లు చూశారు.

"మూడు వేల సంవత్సరాల క్రితమే గ్రీకు దేశంలో మార్గదర్శక వ్యవస్థ పకడ్బందీగా అమలైనది. మెంటార్ అనే పదమే ఆ కావ్యంలోంచి వచ్చినది. మన శాఖలో నేటికీ ఎందుకు అమలు కాలేదో ఆత్మపరిశీలన చేసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది," అన్నారాయన. తరువాత హాలంతా ఒకసారి కలియజూసి, "ఆ కావ్యంలో సదరు మెంటార్ ఏం చేశాడు? ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

వంటశాల వైపునుంచి సాంబారు వాసన వస్తోంది. నేను లేచాను.

"రాజు యుద్ధానికి పోతాడు సార్. ఇరవై ఏళ్ళయినా ఇల్లు చేరడు. పోయేటప్పుడు పసివాడైన కొడుకునీ ఇంటినీ చూసుకోమని ఒక పాత స్నేహితుడికి అప్పజెప్పి పోతాడు. ఈలోగా రాణిని పెళ్ళాడతామని వందమందికి పైగా వచ్చి ఇంట్లో తిష్ఠ వేస్తారు. తింటూ, తాగుతూ ఉంటారు. ఆ స్నేహితుడు సభలో ఒకసారి లేచి నాలుగు మాటలు చెబుతాడు. ఎవరూ వినరు. కూర్చుంటాడు. అంతే సార్."

"అంతేనా? మరి ఆ పిల్లవానికి మార్గం చూపినదెవరు?"

"దేవత సార్. ఆ ముసలాయన రూపం ధరించి వస్తుంది. పిల్లవాడికి ధైర్యం చెబుతుంది. ఓడ సిద్ధం చేయిస్తుంది. నాన్నతో కలిసి యుద్ధం చేసినవాళ్ళను అడిగి ఆచూకీ తెలుసుకోమని, తనే వెంట వెళుతుంది. పనంతా ఆవిడది. పేరు ముసలాయనది."

గోవర్ధనగిరి గారు నా చొక్కా కొన పట్టుకుని కిందికి లాగారు. నా ఉద్యోగం ఏ ఏజెన్సీ ప్రాంతానికి బదిలీ అవుతుందో అని నేను లెక్క వేసుకుంటూ ఉండగా సంచాలకులవారి ముఖం వెలిగిపోయింది.

"పేరు ఒకరిది, పని మరొకరిది!" అన్నారాయన మెల్లగా. "ఇది మన శాఖకు కొత్త కాదు. కానీ దీనికి గ్రీకు ప్రాతిపదిక ఉన్నదని ఇంతవరకు ఎవరూ నా దృష్టికి తీసుకురాలేదు."

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ప్రతి రెగ్యులర్ అధ్యాపకుడూ మార్గదర్శి. మార్గదర్శి ఎట్టి పరిస్థితులలోనూ స్వయంగా మార్గదర్శనం చేయరాదు, అది మూలగ్రంథానికి విరుద్ధం. ఆయన రూపం ధరించి పని చేయుటకు ఒక 'ఆవాహిత మార్గదర్శి'ని గుర్తించవలెను. మూలంలో దేవత స్త్రీ కాబట్టి ఆవాహిత మార్గదర్శి మహిళయై ఉండవలెను. ఆమె పేరు ఏ రికార్డులోనూ రాకుండా జాగ్రత్త వహించవలెను.

మా కళాశాలలో రెగ్యులర్ అధ్యాపకులం తొమ్మిదిమంది. తొమ్మిదిమందిమీ మగవాళ్ళమే. బోధనలో ఉన్న ఒకే ఒక్క మహిళ గురుప్రసన్న. చరిత్ర చెప్పే గెస్ట్ లెక్చరర్. వయసు ముప్పై దాటి ఉంటుంది. మూడేళ్ళుగా మా స్టాఫ్‌రూములో కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూర్చుంటోంది.

గోవర్ధనగిరి గారు ఆమెను పిలిపించి ఉత్తర్వు చదివి వినిపించారు.

"అంటే, ఆరువందల నలభైమంది పిల్లోల్లకీ నేనొక్కదాన్నేనా సార్?" అందామె.

"నువ్వెట్లయితావమ్మా? తొమ్మిదిమందిమి ఉండాం గదా. నువ్వు మా రూపంలో పోతావు, అంతే."

"రూపంలో అంటే?"

దానికి కూడా ఉత్తర్వులోనే ఏర్పాటు ఉంది. ఆవాహిత మార్గదర్శి ఏ తరగతికి వెళితే ఆ తరగతి మార్గదర్శి గుర్తింపు కార్డు మెడలో ధరించవలెను. ఆ విధంగా గురుప్రసన్న మెడలోకి తొమ్మిది కార్డులు చేరాయి. బీయస్సీ గదిలోకి వెళ్ళేటప్పుడు ఫిజిక్స్ బాలగంగన్న మీసాల ఫొటో పైకి తిప్పుకునేది. బీఏ గది గుమ్మం దగ్గర ఆగి, మా తెలుగు పండితుడి విభూతి ఫొటో వెదుక్కునేది. బీకాం రెండో సంవత్సరం నా వంతు. మొదటి వారం పిల్లలు నవ్వారు. రెండో వారం నుంచి ఆమె చెప్పేది రాసుకోవడం మొదలుపెట్టారు. ఏ పరీక్షలకు ఎట్లా చదవాలో, ఊరు విడిచి పోలేని ఆడపిల్లలు ఏం చేయవచ్చో, ఇంట్లో పెళ్ళి మాట ఎత్తితే ఎవరిచేత చెప్పించాలో అన్నీ చెప్పేదట. నేను వినలేదు. విని ఉంటే ఉత్తర్వు ఉల్లంఘించినట్టు అయ్యేది.

చిక్కంతా ఫోనులో పెట్టుకోవలసిన యాప్‌తో వచ్చింది. ప్రతి విద్యార్థి వివరాలూ అందులో నమోదు చేయాలి. పేరు, తరగతి, గ్రూపు అయ్యాక నాలుగో గడిలో 'విద్యార్థి తండ్రి ఎన్ని సంవత్సరములుగా కనబడుటలేదు?' అని ఉంది. సున్నా వేస్తే ఎర్రగా మెరిసి, ముందుకు పోదు.

గోవర్ధనగిరి గారు పైఆఫీసుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు.

"సార్, మా పిల్లోల్ల తండ్రులు అందరూ ఇండ్లలోనే ఉండారు సార్."

"అది మీ కళాశాల స్థాయిలో పరిష్కరించుకోవలసిన అంశం," అంది అవతలి గొంతు. "మూలంలో తండ్రి లేని కారణంగానే మార్గదర్శి అవసరం ఏర్పడినది. తండ్రి గృహంలో ఉండగా మార్గదర్శనం చేయుట ద్వంద్వ లబ్ధి కిందికి వచ్చును. నమోదు కాని విద్యార్థులకు హాల్ టికెట్ జనరేట్ కాదు. గమనించగలరు."

హాల్ టికెట్ మాట వినగానే గోవర్ధనగిరి గారు చెమట తుడుచుకున్నారు. మరుసటి ఆదివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. తల్లులు రానక్కరలేదన్నారు. చెట్ల కింద కుర్చీలు వేయించి, తండ్రులందరినీ కూర్చోబెట్టి, మైకులో సంగతి వివరించారు.

ముందు వరసలోంచి ఒక రైతు లేచి, "నేనీడనే ఉండా గద సార్," అన్నాడు.

"ఉండావయ్యా. లేవని ఎవరన్నారు? కాగితంలో లేవు, అంతే."

"కాగితంలో లేకపోతే మల్ల రేషన్ కార్డులోనుంచి తీసేస్తారేమో సార్?"

"ఆ శాఖ వేరు. ఆ శాఖలో నువ్వు ఉంటావు."

"ఎన్నాండ్లు లేకుండా పోవల్ల సార్?" అని వెనకనుంచి ఇంకొకాయన అడిగాడు. "పైరు కోతకొచ్చింది."

"మూలంలో ఇరవై ఏండ్లు. మనకు మినహాయింపు ఇచ్చినారు. ఒక్క సంవత్సరం చాలు."

తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లల పరీక్షలు కదా. వరసగా టేబులు దగ్గరికి వచ్చి ఫోన్లు తీశారు. తాను కనబడుట లేదని ప్రతి తండ్రీ తనే ధ్రువీకరించాలి. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలూ తండ్రి చదివితే మా సీనియర్ అసిస్టెంటు కొడతాడు. వెంటనే ఆ తండ్రి ఫోనుకు 'అభినందనలు! మీరు కనబడుటలేదు' అని సందేశం వస్తుంది. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి వినిపించారు. ఒక ముసలి తండ్రి ఆ సందేశం రెండుసార్లు చదివించుకుని, తన చేతులు తాను చూసుకుని, మెల్లగా బయటికి నడిచాడు. సాయంత్రం ఐదింటికల్లా ఆరువందల ముప్పైతొమ్మిది మంది తండ్రులు కనబడకుండా పోయి, టీ తాగి, ఇళ్ళకు వెళ్ళారు.

మిగిలిన ఒక్కరు రాలేదు.

ఆయన కూతురు బీకాం రెండో సంవత్సరం దస్తగిరమ్మ. మరుసటి రోజు ప్రిన్సిపాల్ గదిలోకి పిలిపించారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాట్లాడేటప్పుడు నేలవైపు చూడదు. నేను మార్గదర్శిని కాబట్టి నేనూ ఉన్నాను. నా కార్డు గురుప్రసన్న మెడలో ఉంది కాబట్టి ఆమె కూడా ఉంది.

"మీ నాయన ఎందుకు రాలేదమ్మా నిన్న?" అని గోవర్ధనగిరి గారు అడిగారు.

"మా నాయన కనబడ్డం లేదు సార్."

"ఆఁ, అదే. అదే చెప్పి పోవల్ల గదా వచ్చి?"

"లేదు సార్. నిజంగానే కనబడ్డం లేదు. కువైట్‌కి పోయినాడు, నాకు ఎనిమిదేండ్లప్పుడు. నాలుగేండ్లు ఫోన్ చేసినాడు. తర్వాత చేయలేదు. ఏడేండ్లయింది. యాడుండాడో తెల్దు."

గోవర్ధనగిరి గారు కుర్చీలో వెనక్కి వాలారు. చాలా రోజులకు ఒక అర్హత గల కేసు దొరికినందుకు ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. తరువాత యాప్ తెరిచి, దస్తగిరమ్మ వివరాలు కొట్టారు. పదకొండు సంవత్సరములు అని వేశారు. ఎర్రగా మెరవలేదు. 'తండ్రి కనబడుటలేదని తండ్రి ధ్రువీకరించవలెను. ఓటీపీ పంపబడినది' అని వచ్చింది.

ఆ అంకెలు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. మూడుసార్లు పంపించాం.

"పోనీ, మీ చిన్నాయనో ఎవురో ఉంటారు గదా?" అన్నారు గోవర్ధనగిరి గారు. "ఆయన్ని నాయనగా రాసి, ఆయన్ని కనబడకుండా చేద్దాం."

"వేరేవాళ్ళని నాయనా అని నేను రాయను సార్."

"అట్లయితే... చూడమ్మా, ఏడేండ్లు కబురు లేకపోతే చట్టం ప్రకారం..."

"చచ్చిపోయినాడని కూడా రాయను," అంది దస్తగిరమ్మ. అప్పుడు ఆమె గొంతు మారింది. "మా అమ్మ పొద్దన్నే లేచి ఫోన్‌కి చార్జింగ్ పెడ్తుంది సార్. ఏడేండ్లుగా. ఆ నంబరు మార్చనీదు."

గోవర్ధనగిరి గారు చెడ్డమనిషి కాదు. ఆయన కొంతసేపు ఫ్యాను వైపు చూసి, "తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది నాలుగు శాతం," అని గొణిగారు. "ఒక్క పిల్లతో కాలేజీ నూటికి నూరు పోయింది." పరీక్షలకు రెండు నెలలుంది. ఆ పిల్ల హాల్ టికెట్ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తితే దానికి జవాబు చెప్పాలి.

బయటికి వచ్చాక గురుప్రసన్న వరండాలో ఆగింది.

"సార్, ఆ కథలో మీ దేవత ఆ పిల్లోన్ని ఎవరికాడికి తీసకపోయింది?" అని నన్ను అడిగింది.

"తండ్రితో పాటు యుద్ధానికి పోయి, తిరిగొచ్చినవాళ్ళ దగ్గరికి."

ఆమె దస్తగిరమ్మ వైపు తిరిగింది. "మీ నాయనతో ఎవురు పోయినారు?"

"ఇద్దరు పోయినారు మేడమ్. సుబ్బరాయుడని ఒకాయన. చాన్‌బాషా మామ. ఇద్దరూ వచ్చేసినారు. అమ్మ పోయి అడిగింది. తెల్దన్నారు."

"నువ్వు అడిగినావా?"

"లేదు."

"అమ్మ అడిగితే తెల్దనొచ్చు. నువ్వు అడుగు. నేనూ వస్తా. శనివారం పోదాం."

ఆ శనివారానికి ఆన్‌డ్యూటీ మంజూరైంది. రికార్డులో గురుప్రసన్న పేరు ఉండరాదు కాబట్టి అది నా పేరున మంజూరైంది. వాళ్ళిద్దరూ రెండు బస్సులు మారి పక్క మండలానికి వెళ్ళారు. నేను ఇంట్లో పడుకుని డ్యూటీ చేశాను. అక్కడ జరిగింది తరువాత దస్తగిరమ్మ చెప్పగా విన్నదే.

సుబ్బరాయుడు మెయిన్‌రోడ్డు మీద ఏసీలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. వచ్చిన పిల్ల మస్తానయ్య కూతురని తెలియగానే వదలలేదు. ఇంటికి తీసుకుపోయి పొట్టేలు కూర వండించాడు. తాను నడిపిన కార్ల ఫొటోలు చూపించాడు. అక్కడి ఎండ గురించీ, షేకు కొడుకుల అల్లరి గురించీ, తాను ఒకసారి దారితప్పిన కథ గురించీ మూడు గంటలు చెప్పాడు. "మస్తానయ్య మంచోడమ్మా. ఆయన పాట పాడితే క్యాంపంతా నిద్రపోయేది. అంతకు మించి నాకు తెల్దు. చాన్‌బాషా నాకంటే ఆరేండ్లు ఎక్కువుండాడు. ఆయన్నడుగు," అని బస్సెక్కించాడు.

చాన్‌బాషా ఇల్లు చిన్నది. ఒక కాలు సరిగా లేదు. చంకకర్ర ఆనించుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. దస్తగిరమ్మను చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకేం తెల్దు పాపా. మీ అమ్మకి చెప్పినా గదా."

గురుప్రసన్న ఏమీ అడగలేదు. వాకిట్లోనే చాప మీద కూర్చుంది. పోయేటట్టు కనిపించలేదు. చాన్‌బాషా భార్య మంచినీళ్ళు ఇచ్చింది. 

చివరికి దస్తగిరమ్మే అంది. "మామా, మా నాయన చచ్చిపోయింటే చెప్పు. ఏడ్చి, చేయాల్సింది చేస్తాం. బతికుంటే బతికుండాడని చెప్పు. రెండూ చెప్పకపోతే మేం ఏం చేయల్ల?"

చాన్‌బాషా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"బతికే ఉండాడు పాపా," అన్నాడు కొంతసేపటికి. "గొర్లు కాయనీకి ఎడారికి పంపినారు. కొట్టినారు. పారిపోయినాడు. పాస్‌పోర్టు సేటు కాడనే ఉండిపోయింది. కాగితాల్లేకుండా యాడో కూరగాయల తోటలో దాంకోని పని చేస్తాండాడు. రెండేండ్ల కిందట చూసినా. ఇంటికి చెప్పొద్దని ఖురాను మీద ఒట్టేయించుకున్నాడు. ఉత్త చేతుల్తో ఏ మొకం పెట్టుకోని పోదునురా అన్నాడు. ఇప్పుడు ఒట్టు తప్పినా. అల్లా చూసుకుంటాడు."

ఆ తోటలో పనిచేసే ఇంకొక మనిషి నంబరు అతని పాత పుస్తకంలో ఉంది.

సోమవారం మధ్యాహ్నం గురుప్రసన్న స్టాఫ్‌రూములో తన ఫోన్‌లో ఆ నంబరు కలిపి, స్పీకరు పెట్టింది. పిల్లలంతా భోజనాలకు పోయారు. నేను లోపలే ఉన్నాను, లేచి గుమ్మం బయట నిలబడ్డాను. ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఈ పథకంలో నేను చేసిన మార్గదర్శనం అదొక్కటే.

అవతల ఫోను చాలా చేతులు మారింది. తరువాత దస్తగిరమ్మ గొంతు వినిపించింది.

"నాయనా... నేను. దస్తగిరిని."

ఫోను కట్ అయిందేమో అనుకున్నాను.

"ఎన్నో తరగతి సదువుతాండావు?" అంది అవతలి గొంతు.

"తరగతి కాదు నాయనా. బీకాం. రెండో సంవత్సరం."

"బీకామా?" అంది ఆ గొంతు. తరువాత ఒక మగమనిషి ఏడుపు వినిపించింది. దస్తగిరమ్మ ఏడవలేదు. "అమ్మ నంబరు మార్చలేదు నాయనా," అని మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పింది.

గురుప్రసన్న ఫోను తీసుకుంది. "అన్నా, నేను పాప వాళ్ళ టీచర్ని. ఉత్త చేతుల్తోనే రాండి. ఎంబసీ కాడికి ఎట్ల పోవల్లనో నేను కనుక్కోని చెప్తా. ఫోన్ మాత్రం ఎత్తండి."

ఆ తరువాత మూడు నెలలు ఆమె ఎన్ని ఉత్తరాలు రాసిందో, ఎవరెవరికి ఫోన్లు చేసిందో నాకు తెలియదు. కలెక్టరాఫీసులో ప్రవాసుల సెల్ అని ఒక గది ఉందని నాకు ఆమె వల్లనే తెలిసింది. మధ్యలో రెండుసార్లు విశ్వవిద్యాలయానికి పోయి, పరీక్షల అధికారి గది ముందు ఒక పూటంతా కూర్చుని, దస్తగిరమ్మకు చేతితో రాసిన హాల్ టికెట్ తెచ్చింది. అన్ని చోట్లా రిజిస్టర్లలో సంతకం 'పి. చౌడప్ప' అని పెట్టవలసి వచ్చిందట. నా సంతకం నాకంటే బాగా పెడుతుంది.

ఒక బుధవారం మస్తానయ్య ఇంటికి చేరాడు. జిల్లా పేపర్లో చిన్న వార్త పడింది: 'కళాశాల చొరవతో పదకొండేళ్ళకు ఇల్లు చేరిన తండ్రి.'

శుక్రవారం నాకు మెమో వచ్చింది.

'మీ మార్గదర్శకత్వంలోని విద్యార్థిని యొక్క తండ్రి కనబడినట్లు పత్రికాముఖంగా తెలియవచ్చినది. సదరు పథకం మొదటి దశ ప్రకారం తండ్రులు కనబడకుండుట మాత్రమే ఉద్దేశించబడినది. తండ్రులు తిరిగి వచ్చు కార్యక్రమము రెండవ దశలో పొందుపరచబడినది. రెండవ దశకు ఇంకను అనుమతి లభించలేదు. అనుమతి లేని దశను మీరు ఏ అధికారంతో అమలు చేసినారో మూడు దినములలో వివరణ ఇవ్వవలెను.'

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నేను ఒక మెమోకు నిజం రాశాను. 'నేను ఏమీ చేయలేదు. ఆ విద్యార్థిని తండ్రి ఇల్లు చేరుకోవడానికి కారణం చరిత్ర అధ్యాపకురాలు గురుప్రసన్న. శ్రమంతా ఆమెది. గౌరవం కూడా ఆమెకే చెందవలెను' అని రాసి, పోస్టులో వేసి, ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. చాలా మంచిపని చేశాననుకున్నాను.

వారం తరువాత రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నాకు. 'తాము ఏమీ చేయలేదన్న తమ వివరణ మూలగ్రంథానుసారముగా ఉన్నందున సంతృప్తికరముగా భావించబడినది. తదుపరి చర్య నిలుపుదల చేయడమైనది. అభినందనలు.'

రెండోది గురుప్రసన్నకు. ఈసారి సంచాలకులవారు ఎవరిచేతనో కావ్యం కొంత చదివించినట్టుంది.

'మూలగ్రంథమును పరిశీలించగా, పిల్లవానిని తండ్రి మిత్రుని ఇంట చేర్చిన పిమ్మట దేవత పక్షి రూపంలో ఎగిరిపోయినట్లు స్పష్టమగుచున్నది. కావున పని పూర్తి చేసిన ఆవాహిత మార్గదర్శులు తదుపరి దినము నుండి కళాశాలలో కనబడరాదు. అంతేగాక సదరు వ్యక్తి పేరు రికార్డులోనికి వచ్చినందున నిబంధన ఉల్లంఘించబడినది.'

ఆమె పేరు రికార్డులోకి తెచ్చింది నేనే.

గురుప్రసన్న ఆ కాగితం నిలబడే చదివింది. చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఏం పక్షి సార్ అది?" అని అడిగింది.

"గద్ద. సముద్రపు గద్ద."

"పోనీలే, కోడి కాదు," అంది. తరువాత గడియారం చూసుకుంది. "ఇంకా ఒక క్లాసుంది సార్. తుగ్లక్ సగంలో ఉండాడు. ముగించి పోతా."

ఆమె క్లాసు ముగించి, పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

పన్నెండింటికి దస్తగిరమ్మ వచ్చింది. వెంట ఒక మనిషి ఉన్నాడు. ఎండకు నల్లబడిన ముఖం, పూర్తిగా నెరిసిన జుట్టు, కొత్త చొక్కా. చేతిలో పూలదండ ఉన్న పొట్లం, ఖర్జూరాల డబ్బా ఉన్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా చెప్పులు విడవబోయి ఆగిపోతున్నాడు.

గోవర్ధనగిరి గారు నన్ను ముందుకు తోశారు. "ఈయనే, మీ పాప మార్గదర్శి."

మస్తానయ్య రెండు చేతులూ ఎత్తబోయాడు. దస్తగిరమ్మ ఆయన మోచేయి పట్టుకుంది.

"ఈ సార్ కాదు నాయనా. మేడమ్. మేడమ్ యాడ సార్?"

నేను చెప్పాను. ఉత్తర్వు సంగతి కూడా చెప్పాను. దాచడానికి ఓపిక లేకపోయింది. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు గురించి రాయను.

గోవర్ధనగిరి గారు గొంతు సవరించుకున్నారు. "మస్తానయ్యా, వచ్చినావు, మంచిదయింది. ఒక చిన్న సాయం చేయల్ల. వచ్చే సోమవారం పైనుంచి తనిఖీకి వస్తాండారు. రెండో దశకి అనుమతి లేదు గదా. ఒక పదిరోజులు నువ్వు కనబడకుండా ఉంటే చాలు. ఊరు ఇడిసిపెట్టి పోవద్దులే. ఇంట్లోనే ఉండు, బయటికి రావద్దు. కాలేజీ పేరు నిలబడ్తుంది."

మస్తానయ్య ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రావడం ఆయనకు తెలియదు. అంతా అయ్యాక పూలదండ పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"పదకొండేండ్లు అట్లనే ఉంటి సార్," అన్నాడు. "ఇంక నా చేత కాదు."

తరువాత నా వైపు తిరిగి, "మేడమ్‌ది ఏ ఊరు సార్?" అని అడిగాడు.

నాకు తెలియదు. మూడేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం. నా పేరుతో ఆమె తిరగని ఆఫీసు లేదు. ఏ ఊరినుంచి వస్తావమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.

"నాకు తెల్సు నాయనా, పద," అంది దస్తగిరమ్మ.

వాళ్ళు మైదానం దాటి, గేటు బయట బస్సు ఆగేచోట నిలబడ్డారు. నేను కొంతసేపు చూసి, వాళ్ళ వెనకే నడిచాను. గోవర్ధనగిరి గారు వరండా మెట్ల మీదినుంచి కేకేశారు.

"చౌడప్పా, యాడికి? మధ్యాహ్నం క్లాసుంది."

"గురుప్రసన్న వాళ్ళ ఊరికి సార్."

"ఏ హోదాలో?"

ఆలోచించాను. బస్సు వచ్చింది. ఎక్కాను.